ఎడిటర్ ఇంటికి ఇల్లరికం అల్లుడు

“చాయ్ గ్లాసు కింద పెట్టేలోపు అయిపోతదన్నా” అని ఆ రోజు నేను అనకుండా ఉండాల్సింది. నోరు జారిందని చెప్పుకుంటే మర్యాదగా ఉంటుంది. కానీ జారలేదు, నేనే తోశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ పందెం కట్టలేదు. ఎదురుగా వినే మనిషి దొరికాడు, చేతిలో చాయ్ వేడిగా ఉంది, అంతే. ఆ ఒక్క వాక్యానికి నాలుగు నెలలు వెట్టి చేశాను. అది నా ఖర్మ. కానీ దాని దెబ్బ నాకంటే ముందు పక్క కుర్చీలో కూర్చున్న మాస్టారికి తగిలింది. కాబట్టి ఈ రాతలో మూర్ఖుడెవరా అని చదివేవాళ్లు వెతుక్కోనక్కర్లేదు. రాస్తున్నవాడే.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు వేసే చిన్న సంస్థ. కోచింగ్ సెంటర్ల వెనక సందులో మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, అది ఏ రోజు నడుస్తుందో తెలియాలంటే దానికీ ఒక నోటిఫికేషన్ పడాలి. ఇరవై ఏళ్లకు పైగా నేనక్కడ డీటీపీ చేస్తున్నాను. అంటే టైపు కొట్టడం, పేజీలు కట్టడం, ఎవరైనా అడిగితే ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం. యజమానిది నల్లగొండ వైపు, మా ఊరికి నాలుగూళ్ల అవతల. అందుకని ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. మాస్టారు ప్రూఫులు చూస్తారు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే ఓ ప్రైవేటు బళ్లో తెలుగు చెప్పి, బడి వదిలేశాక మా దగ్గర చేరారు. ముప్పై ఏళ్లుగా ఎల్బీనగర్‌లో ఉంటున్నా, ఆయన నోరు విప్పగానే ఎవరో ఒకరు “మీ నేటివ్ ఎక్కడ సార్?” అంటారు. “ఇంకా కేటాయించలేదండీ” అంటారాయన.

మా పాత పుస్తకాలన్నీ పాత ఫాంటులో ఉన్నాయి. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు తెలుగు రాదు. ఇంగ్లిషు అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడిగి పని నడిపించాం. తెర మీద చక్కటి తెలుగు. లోపల చూస్తే ఇంగ్లిషు అక్షరాల గోల. ఆ ఫైలును ఫోన్‌లో తెరిస్తే సిటీ బస్సులో టికెట్ల మిషన్‌కు పిచ్చెక్కినట్టు ఉంటుంది. ఇప్పుడు చదువుకునే పిల్లలు పుస్తకం కొనరు, ఫోన్‌లో యాప్ కావాలంటారు. యాప్‌లోకి వెళ్లాలంటే పాత పుస్తకాలన్నిటినీ ఇప్పటి తెలుగు సంకేతాల్లోకి, యూనికోడ్‌లోకి, మార్చాలి. మళ్లీ టైపు చేయిస్తే ఈ జన్మకు కాదు. ఆ పని నా నెత్తినేసుకున్నాను.

నా దగ్గర ఒక ఎడిటర్ ఉంది. రాతకోతలకు వాడే ప్రోగ్రామే కానీ, ఎలా పని చేయాలో మనమే దానికి చెప్పి నేర్పుకోవచ్చు. నేర్పడానికి దానికో సొంత భాష, నిండా బ్రాకెట్లు. తెరిచిన బ్రాకెట్లన్నిటినీ మూసేసరికి నా యవ్వనం కూడా మూతపడింది. ఆ భాషలోనే పాత ఫాంటును మార్చే ప్రోగ్రాం రాసి ఒక చరిత్ర పుస్తకం మీద వదిలాను. తెర బిగుసుకుపోయింది. యజమాని చాయ్ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“ఏందే తమ్మీ, సచ్చిందా?”

“లేదన్నా, ఆలోచిస్తున్నది.”

“గంతసేపు ఏం ఆలోచన? పిల్లనిస్తున్నమా?”

అప్పుడన్నాను ఆ మాట. దీని సొంత భాషలో రాస్తే ఇంతే నిదానమనీ, సీ అనే ఇంకో కంప్యూటర్ భాషలో ఒక ముక్క రాసి దీనికి తగిలిస్తే చాయ్ గ్లాసు కింద పెట్టేలోపు పుస్తకం పుస్తకమంతా మారిపోతుందనీ.

“తప్పులు రావు గదా?”

“మిషన్ తప్పు చెయ్యదన్నా.”

యజమాని మాస్టారి వైపు తిరిగాడు. ఆయన మనసులో కల్మషం లేదు, అదే బాధ. ప్రేమగానే అన్నాడు. “అయితే ఇగ సార్‌కు గూడ రెస్ట్. ఎన్ని దినాలని కండ్లు పోగొట్టుకుంటడు పాపం? తమ్ముడు గా మిషన్ తయారు చేసినంక సార్ హాయిగ ఇంట్ల కూసుంటడు. ఆ కుర్చీల యాప్ పిలగాండ్లను కూసోబెడత.”

మాస్టారు కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. “మంచిదేగా” అన్నారు. యజమాని వెళ్లాక నాతో మెల్లగా, “ఇంట్లో కూర్చుంటే టీవీ సీరియల్ పేర్లలో తప్పులు పట్టుకుంటున్నానని మా ఆవిడ గొడవ. పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టి ఇటు తోలేది అందుకేనయ్యా. నీ మిషనుకి కొంచెం నిదానంగా పుట్టమని చెప్పు” అన్నారు.

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆగిపోయినా బాగుండేది. కానీ రాయగలనా లేదా అన్న దురద పుట్టింది. దురదకు న్యాయం అన్యాయం ఏముంటుంది, గోకడమే.

అలా ఎడిటర్‌కు బయటి నుంచి తగిలించే ముక్కను నేటివ్ మాడ్యూల్ అంటారు. దాని సంగతి నాకు అర్థమైనంతలో ఇది. ఎడిటర్ సొంత భాషలో రాసిన ప్రోగ్రాం కిరాయిదారు లాంటిది. ఓనరు చెప్పినట్టు ఉంటుంది. తప్పు చేస్తే ఓనరు వచ్చి “ఫలానా చోట తప్పు చేశావు” అని ఎర్రక్షరాల్లో తిడతాడు, ఇల్లు మాత్రం నిలబడే ఉంటుంది. నేటివ్ మాడ్యూల్ అలా కాదు. అది ఇల్లరికం వచ్చిన అల్లుడు. వంటింటిదాకా వెళ్తుంది, బీరువా తెరుస్తుంది, ఎవరూ ఏమీ అనరు. పని మాత్రం మెరుపులా చేస్తుంది. కానీ కాలు జారి పడిందంటే తానొక్కతే పడదు, ఇల్లంతా పడుతుంది. పైగా ఒకసారి లోపలికొచ్చాక బయటికి పంపే వీలు లేదు. పంపాలంటే ఇల్లు మూసేసి మళ్లీ తెరవాలి.

మొదటి రోజే గడప దగ్గర ఆగిపోయింది. ఎడిటర్ దాన్ని లోపలికి రానివ్వలేదు. ఒక పూటంతా కొట్టుకున్నాక తెలిసింది: వచ్చే మాడ్యూల్ “నేను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకు కట్టుబడి ఉన్నాను” అని తనలో ఒక ప్రకటన రాసి పెట్టుకుని రావాలి. లేకపోతే ముఖం కూడా చూడదు. ఒక్క లైను. రాశాను. తలుపు తెరుచుకుంది. లోపలికి పోయి వెంటనే ఇల్లు కూల్చింది.

మా ఇల్లు మన్సూరాబాద్‌లో. పొద్దున షేర్ ఆటోలో ఎల్బీనగర్ చౌరస్తా దాకా, అక్కణ్ణుంచి మెట్రోలో మూడు స్టేషన్లు. ఆ మూడు స్టేషన్లలో సీటు దొరికితే లాప్‌టాప్ తెరిచేవాణ్ణి, దొరక్కపోతే నిలబడి ఆలోచించేవాణ్ణి. ఆదివారాలు ఇంట్లో. మా ఆవిడ నాలుగు ఆదివారాలు ఊరుకుంది. ఐదో ఆదివారం పొయ్యి మీద అన్నం చూస్తుండమని నాకు అప్పగించి కింది వాటావాళ్లింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ.

“ఏం చేస్తున్నవు?”

“మాడ్యూల్ రాస్తున్న.”

“రాసుడేంది, మాడ్చుడే కనవడ్తున్నది.” గిన్నె సింకులో పడేసింది. “నీ మిషన్ మంచిగైతే ఆ పెద్దమనిషి కుర్చి పోతదని నువ్వే చెప్తివి. మంచిగ కాకపోతే నీ పరువు పోతదంటివి. ఎట్లయినా పోయేదానికి నా అన్నం ఎందుకు పోవాలె?”

లాప్‌టాప్ మూసి గిన్నె తోమాను.

మాడ్యూల్ పడిపోవడానికి కారణాలు ఎన్నో, అన్నీ నా తెలివే. పాత ఫాంటులో ఒక్కో బొమ్మకు ఒక్కో బైటు చోటు చాలు. యూనికోడ్‌లో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. “లక్ష్మి”లో చివర ఒక్క అక్షరంలా కనబడే “క్ష్మి” ఉంది చూడండి, లోపల అది ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. నేను మాత్రం పాత ఫైలు ఎంతుందో, ఫలితం పట్టడానికి అంతే చోటు కొలిచి పెట్టాను. బిందెడు నీళ్లు చెంబులో పోశాను. పొర్లిన నీళ్లు పక్కనున్న ఎడిటర్ సరంజామా మీద పడ్డాయి, ఇల్లు కూలింది. వారం రోజులు పట్టింది చెంబును పట్టుకోవడానికి.

ఇంకోటి ఇంతకంటే సిగ్గుచేటు. మాడ్యూల్‌ను పిలిచిన ప్రతిసారీ ఎడిటర్ దాని చేతికి ఒక అనుమతి చీటీ ఇస్తుంది. ఆ చీటీ చూపిస్తేనే లోపలి వస్తువులు ముట్టుకోనిస్తుంది. అది ఆ ఒక్క పిలుపు వరకే చెల్లుతుంది. ప్రతిసారీ కొత్తది తీసుకోవడం ఎందుకులెమ్మని మొదటి చీటీనే నేను దాచిపెట్టుకున్నాను. పొద్దున కొన్న మెట్రో టికెట్టుతో సాయంత్రం గేటు దగ్గర నిలబడినట్టు. మెట్రో గేటు మర్యాదగా ఎర్రలైటు వేస్తుంది. ఇది కప్పుతో సహా మీద పడింది.

ఆ నాలుగు నెలలూ మాస్టారు రోజుకోసారి నా వైపు వంగి, “ఎంతవరకొచ్చిందయ్యా?” అనేవారు. పడిపోయిందంటే “అయ్యయ్యో” అనేవారు. నిజంగా జాలిపడే అనేవారు, అదీ ఆ మనిషి. నాకు మాత్రం పడిన రోజు సిగ్గు, నిలబడిన రోజు భయం. అలసిపోయి చివరికి ఏది కోరుకుంటున్నానో కూడా తెలియకుండా పోయింది. చేతులు మాత్రం పని చేస్తూ పోయాయి.

ఒక మధ్యాహ్నం అది పడలేదు. మళ్లీ నడిపాను, పడలేదు. చరిత్ర పుస్తకం, భూగోళం, ఆర్థిక వ్యవస్థ, అన్నీ మారాయి. యజమానిని పిలిచాను. గ్లాసుతోనే వచ్చాడు. మీట నొక్కాను. ఆయన గ్లాసు కింద పెట్టనే లేదు, అయిపోయింది.

“అరె వా! ఏం తమ్మీ! మస్తు చేసినవ్ పో!” వీపు మీద చరిచాడు. తర్వాత మాస్టారితో, “సార్, ఈ నెలాఖరు దాంక రాండ్రి. తర్వాత శాలువా కప్పి పంపిస్తం. దావత్ గూడ చేస్తం” అన్నాడు.

“శాలువా ఎందుకండీ, ఈ ఎండల్లో” అన్నారు మాస్టారు.

భూగోళం పుస్తకం యాప్‌లోకి ఎక్కింది. ఇంకా పిల్లలకు తెరవలేదు, మాకు మాత్రం కనబడుతుంది. మాస్టారికి ఇక చూడాల్సిన ప్రూఫులు లేవు. చేతులు ఊరికే ఉండక, ఫోన్‌లో ఆ పుస్తకాన్ని పైకి జరుపుకుంటూ చదువుతున్నారు. చదవమని ఎవరూ చెప్పలేదు. ఒకచోట వేలు ఆగింది.

“ఏవయ్యా, ఇటు చూడు. మూసీ ఏ నదికి ఉపనది?”

“కృష్ణకు.”

“నీ మిషను గోదావరి అంటోంది.”

చూశాను. జవాబుల పట్టికలో గోదావరే ఉంది. అక్షరాలు మార్చడంలో నదులెలా మారతాయి? పాత ఫైలు తెరిచాను. అందులోనూ గోదావరే. నా మాడ్యూల్ తప్పు కాదని ఒక్క క్షణం సంతోషించాను, ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అలమరలోంచి అచ్చైన పుస్తకం తీశాను. అందులో కృష్ణ.

“దీన్ని నేను చంపానయ్యా” అన్నారు మాస్టారు. “బాగా గుర్తు. ప్లేట్లకు వెళ్లేరోజు పట్టుకున్నాను. మళ్లీ ఎలా లేచొచ్చింది?”

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఎలా లేచొచ్చిందో చెప్పగలిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే.

ఆ రోజుల్లో పేజీలను బటర్ పేపర్ మీద ప్రింటు తీసి ప్రెస్‌కు పంపేవాళ్లం. పల్చటి, నూనె రాసినట్టుండే కాగితం. దాన్ని పెట్టి అచ్చు వేసే ప్లేటు చేసేవాళ్లు. ఆఖరి నిమిషంలో తప్పు దొరికితే ఫైలు తెరిచి దిద్దేవాళ్లం కాదు. తెరిచి ఒక మాట మారిస్తే లైను జరుగుతుంది, లైను జరిగితే పేజీ జరుగుతుంది, పేజీ జరిగితే విషయసూచిక జరుగుతుంది, ప్రెస్ బండి మాత్రం కింద హారన్ కొడుతూ ఉంటుంది. అందుకని సరైన మాటను విడిగా ఒక ముక్క మీద ప్రింటు తీసి, బ్లేడుతో కోసి, తప్పు మాట మీద గమ్ముతో అతికించేవాళ్లం. ప్లేటు మీద అతుకు కనబడేది కాదు. పుస్తకం శుభ్రంగా వచ్చేది. బటర్ పేపర్లు పాత కాగితాలవాడికి పోయేవి. ఫైలులో మాత్రం తప్పు తప్పుగానే ఉండేది. మళ్లీ ముద్రణకు మళ్లీ అతుకులు. ఊళ్లో అందరూ చేసేదే, మేమూ చేశాం.

కోసింది నేను. అతికించింది నేను. “ఫైల్ తెరుసుడెందుకు మాస్టారూ, ముక్క అతికిస్తే ఖతం” అని ఎన్నిసార్లు అన్నానో. ఇన్నేళ్లుగా మాస్టారు పట్టుకున్న ప్రతి ఆఖరి నిమిషపు తప్పూ ఆ ఫైళ్లలో భద్రంగా పడుకుని ఉంది. నేను నాలుగు నెలలు కష్టపడి, ఒక్క బైటు కూడా పోకుండా, మెరుపు వేగంతో వాటన్నిటినీ లేపి యాప్‌లో కూర్చోబెట్టాను. మిషన్ తప్పు చేయదన్నాను కదా. చేయలేదు. మావి మాకు అప్పజెప్పింది.

యజమానికి చెప్పాం. ఆయన మొదట నమ్మలేదు. మాస్టారు ఇంకో ఐదు చూపించేసరికి కూర్చుండిపోయాడు.

“మరి మిషన్‌నే దిద్దమను.”

“దానికేం తెలుసన్నా? అక్షరాలు తెలుసు గాని నదులు తెల్వయి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని ఎవరన్న చూడాలె.”

“ఎవరన్న అంటే?”

ముగ్గురం ఒకే కుర్చీ వైపు చూశాం. అందులో ఇంకా ఆయనే కూర్చుని ఉన్నారు.

అలా నెలాఖరు వాయిదా పడింది. కానీ యజమానికి వేగం రుచి తగిలింది. పుస్తకం క్షణంలో మారడం కళ్లారా చూసినవాడు, మనిషి పేజీ చదవడాన్ని ఎలా ఓర్చుకుంటాడు? లోపలి గదిలోంచి పది నిమిషాలకోసారి వచ్చి మాస్టారి కుర్చీ వెనక నిలబడేవాడు.

“అయిందా సార్?”

“చూస్తున్నానండీ.”

“పేజీకి రెండు నిమిషాలు చాలు సార్. ఒక్క మాట కోసం మొత్తం చదువుడెందుకు? తప్పున్న జాగనే చూడుండ్రి.”

“తప్పు ఎక్కడుందో తెలియాలంటే చదవాలి కదండీ.”

“గట్లయితే యాప్ ఎప్పుడు తెరుస్తం? ఆ పక్క సందువాళ్లు తెరిచిండ్రు అప్పుడే. గిట్ల కాదు గాని, ఈ నెల చూస్త. లేటన్న అయ్యేదుంటే, తప్పన్న పోయేదుంటే, ఇగ వేరే ఇంతజాం చూస్కుంటం. ఏమనుకోకుండ్రి.”

వెనక ఒక మనిషి నిలబడి ఊపిరి పీలుస్తుంటే ఎవరు చదవగలరు? ఒక రోజు మాస్టారు ఒక పేజీలో తప్పు వదిలేశారు. పంచవర్ష ప్రణాళికల పట్టికలో రెండు వరుసలు తారుమారు. నేను చూసి, ఎవరికీ చెప్పకుండా సరిచేద్దామనుకున్నాను. అంతలో మాస్టారే గమనించారు. పెన్ను మూత పెట్టి, టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుని, నాలుగింటికే లేచారు. ఇన్నేళ్లలో ఆయన నాలుగింటికి లేవడం నేను చూడలేదు.

“ఒంట్లో బాగలేదా మాస్టారూ?”

“బాగానే ఉందయ్యా. కళ్లు చదువుతున్నాయి, చెవులు వెనక అడుగులు వింటున్నాయి. నేను మధ్యలో ఎక్కడో ఉన్నాను.” లిఫ్టు ఆ రోజు నడవడం లేదు. మెట్ల మీద ఒక్కో అడుగూ నాకు పైదాకా వినబడింది.

మర్నాడు మెట్రోలో సీటు దొరికింది. లాప్‌టాప్ తెరిచాను. యజమానికి తన గదిలోనే ఒక కంప్యూటర్ ఉంది. మార్చిన పేజీలను అక్కణ్ణుంచే, తన చేత్తోనే, యాప్‌లోకి పంపుకుంటాడు. ఆ కంప్యూటర్లోనూ నా ఎడిటరే, నా మాడ్యూలే. ఇన్ని నెలలు ఏ మాడ్యూల్ ఆగకుండా ఉండాలని చచ్చానో, దానికి ఆగడం నేర్పాను. పెద్ద పనేం కాదు. పేజీ మార్చి, మాస్టారి కంప్యూటర్‌కు ఒక కాపీ పంపి, అది కదలకుండా కూర్చుంటుంది. మాస్టారు అక్కడ తప్పులు దిద్ది ‘చూశాను’ అని మీట నొక్కితేనే, దిద్దిన పేజీతో లేస్తుంది. అందాకా యజమాని తెర మీద ఒక్కటే వాక్యం: “పరిశీలన జరుగుతోంది.” అందులో అబద్ధమేమీ లేదు. ఎవరు పరిశీలిస్తున్నారో రాయలేదు, అంతే. బ్రాకెట్ల భాషలో రాసి ఉంటే యజమాని బామ్మర్ది, కొంచెం కంప్యూటర్ తెలిసినవాడు, తెరిచి చదివి తీసేసేవాడు. ఇది అలా తెరిచి చదివేది కాదు. పైగా ఇంటల్లుడు గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే ఇల్లంతా ఆగాల్సిందే; ఆ ఎడిటర్లో యజమాని ఇంకే పనీ చేసుకోలేడు.

మాస్టారితో మాత్రం, “పేజీ అయినంక గీ మీట నొక్కుండ్రి, చాలు. మీకు తృప్తి అయినంకనే” అని చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు.

ఆ రోజు పదకొండింటికి లోపలి నుంచి కేక వచ్చింది. “తమ్మీ! ఇటు రా. ఏందిది? ఆగింది.”

వెళ్లాను. ఆయన తెర ముందు కూర్చుని ఉన్నాడు.

“ఆగలేదన్నా. పరిశీలిస్తున్నది. నదుల తప్పులు గిట్ల పోకుండ కొత్తగ పెట్టిన. జర సోంచాయిస్తది.”

“అచ్ఛా!” ముఖం వెలిగింది. “అంటే ఇప్పుడు మొత్తం చదువుతదా?”

“ప్రతి అక్షరమన్నా.”

“ఎంతసేపు వడ్తది?”

“పేజీని బట్టి ఉంటది. మధ్యల కదిలిస్తే మాత్రం మళ్ల మొదటికొస్తది.”

“వద్దు వద్దు, కదిలియ్యొద్దు.” చేతులు వెనక్కి తీసుకున్నాడు. “నిమ్మళంగ చదువుకోనియ్. మనకు తప్పులు లేకుంట రావాలె గని, తొందరేముంది?”

పది నిమిషాలైంది. పావుగంట. ఎవరో ఫోన్ చేస్తే ఆయన గొంతు తగ్గించి, “మిషన్‌ల ఉన్నది అన్నా, చదువుతున్నది. మధ్యల ఆపొద్దంట. మళ్ల చేస్త” అని పెట్టేశాడు. కుర్చీలోంచి లేవలేదు. లేచి మాస్టారి వెనక నిలబడితే ఇక్కడ పేజీ ఎప్పుడొస్తుందో చూడలేడు. మనిషికి రెండు నిమిషాలు ఇవ్వనివాడు, మిషన్‌కు పూటంతా ఇచ్చి కూర్చున్నాడు.

నేను బయటికొచ్చాను. మాస్టారు అచ్చు పుస్తకం ఒడిలో పెట్టుకుని, తెరతో పోల్చుకుంటూ, స్కేలు ఒక్కో లైను కిందికి జరుపుకుంటూ చదువుతున్నారు. ఒక చోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివి, పెన్నుతో చిన్న గీత పెట్టారు. తల ఎత్తకుండానే అడిగారు.

“ఏవయ్యా, ఇవాళ ఆయన ఇటు రాలేదేం?”

“పని మీదున్నడు మాస్టారూ.”

“ఏం పని?”

“మీరు చదివేదాంక ఎదురుచూసుడు.”

మాస్టారు కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. లోపలి గది తలుపు వైపు చూశారు. తర్వాత ఆ పేజీని, అప్పటికే చదివేసిన పేజీని, స్కేలు పైకి జరిపి మొదటి లైను నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టారు.